రెండో రాయి

మా ఊళ్ళో నన్ను 'రాయికి తల్లి' అంటారు. మొహం మీద కాదు, నేను రెండడుగులు దాటి వెళ్ళాక. నాకింకా చెవుడు రాలేదు కాబట్టి వినిపిస్తుంది.

అనేవాళ్ళ తప్పేం లేదు. నిజంగానే నేనొక రాయికి జ్ఞానతల్లిని. ఎనిమిదేళ్ళ కిందట, యానమాయు నది ఒడ్డున, బ్యాండుమేళం వాయిస్తుండగా, రిబ్బన్లు కట్టిన చిచా కూజాని చిన్న సుత్తితో పగలగొట్టి, రాబోయే వంతెనకి జ్ఞానతల్లినయ్యాను. జ్ఞానతండ్రి ఇంజనీరు సల్దివార్. అప్పుడాయన మేయరు పదవికి పోటీలో ఉన్నాడు. మొదటి రాయి పడింది, కూజా పగిలింది, చిచా, అదే మా మొక్కజొన్న కల్లు, రాయి మీద నురగలు కక్కుతూ కారింది. వంతెన మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

నవ్వేవాళ్ళు నవ్వండి. నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. మా చిల్కపంపలో అలాంటి మనిషికి చుట్టాలు దొరికే దారి ఒకటే, ఎవరి బిడ్డకైనా జ్ఞానతల్లి కావడం. ఆ బిడ్డకి పుట్టుజుట్టు మనమే కత్తిరించాలి, జబ్బు చేస్తే వీపున కట్టుకుని మోసుకెళ్ళాలి, ఖర్మ కాలి చచ్చిపోతే తొడిగే తెల్లగుడ్డలు కూడా మనమే కుట్టాలి. ఆ రోజునుంచి బిడ్డ తల్లి మనకి కొమాద్రె, తండ్రి కొంపాద్రె. తోడబుట్టిన చెల్లెలు కూడా కొమాద్రె తర్వాతే, ఎందుకంటే చెల్లెల్ని మనం ఎంచుకోలేదు. కొమాద్రె కబురు పెడితే ఉడుకుతున్న కుండ దించేసి వెళ్ళాలి. నాకప్పటికి అలాంటి పిల్లలు పదకొండుమంది. ఏ గడపలో అడుగుపెట్టినా కూర్చోమని గొర్రెతోలు పరిచేవారు.

అందుకని సల్దివార్ జనమందరి ముందూ నన్ను కావలించుకుని, "ఇవాళ్టినుంచి మనం కొంపాద్రె కొమాద్రెలం" అన్నప్పుడు నేను నమ్మాను. ఆయనకి అది ఫోటో. నాకు అది చుట్టరికం. విందుకి నా దగ్గరున్న రెండు గొర్రెల్లో ఒకదాన్ని కోయించాను కూడా.

అప్పట్లో ఏటా నవంబరులో, వానలు పట్టకముందే, ఊరంతా కలిసి నదికి అడ్డంగా జామాయిల్ దుంగలు వేసుకునేవాళ్ళం. ఇంటికొకరు చొప్పున రావాలి, ఇది మా తాతల నాటి కట్టుబాటు. రెండు ఒడ్లా రాళ్ళు పేర్చి దిమ్మలు కట్టి, వాటి మీద దుంగలు పరిచి తాళ్ళతో బిగించేవాళ్ళం. మార్చిలో మేమే తీసి దాచుకునేవాళ్ళం, లేకపోతే నదే పట్టుకుపోయేది. ఆ ఏడు ఊరి సభలో దుంగల మాట రాగానే నేను లేచి నిలబడ్డాను. కొత్త టోపీ కూడా పెట్టుకున్నాను.

"దుంగలెందుకు ఇంకా? మా కొంపాద్రె మాటిచ్చాడు. వానల్లోపే ఇనుప వంతెన వస్తది. నేను పూచీ," అన్నాను.

దుంగలు మోయడం ఎవరికి మాత్రం సరదా? ఊరి పెద్ద దోన్ అన్సెల్మో మొహం వికసించింది. అడ్డుపడింది ఒక్క లెయొకాడియానే. ఆమె నా కొమాద్రె, అందరికన్నా పాత కొమాద్రె. ఆమె కూతురు డెల్ఫీనాకి నేనే పుట్టుజుట్టు తీశాను.

"కొమాద్రె, పొయ్యి మీద కుండే పెట్టలేదు, అప్పుడే గిన్నెలు పరుస్తన్నావ్," అంది లెయొకాడియా. "దుంగలేసుకుని కూర్చుందాం. వంతెనొస్తే మంచిదే, దుంగలు పొయ్యిలోకి పనికొస్తాయి."

జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "నిన్ను పిలిచి సుత్తి చేతికివ్వలేదని కుళ్ళు," అన్నాను. ఆ ఏడు దుంగలు వేయలేదు.

జనవరిలో సల్దివార్ మేయరయ్యాడు. ఫిబ్రవరిలో నది పొంగింది. ఏరు దాటాక తెప్ప తగలేశాడని ఆయన్ని అంటారు గానీ, ఆయన అసలు మా ఏరు దాటిందే లేదు. మునిసిపాలిటీ ఇటువైపే, కొండెక్కి మూడు గంటల నడక. సంతా, ఆసుపత్రీ, బస్సురోడ్డూ అటువైపు. మాటలిచ్చేవాళ్ళు ఇటు, మందులిచ్చేవాళ్ళు అటు, మధ్యలో నీళ్ళు.

దాటడానికి మిగిలింది పాత ఇనుప తీగ, దానికి వేలాడే చెక్క తొట్టి. అందులో ఒక మనిషి కూర్చుంటే ఎదుటి ఒడ్డునుంచి మరో మనిషి మోకు పట్టి లాగాలి. లాగేవాళ్ళు లేకపోతే తొట్టి నది నడిమధ్యకి జారి, అక్కడే ఊగుతూ ఉండిపోతుంది.

ఒక గురువారం సంతకి వెళ్తూ లెయొకాడియా నా గుమ్మం దగ్గర ఆగింది. సభలో నేనన్న మాటకి అలిగిన మనిషి, అయినా ఆగింది.

"నాకు ఆసుపత్రిలో పనుంది, అందరితో పాటు రాలేను. నాలుగింటికి వచ్చి మోకు లాగుతావా?"

"ఉంటాను," అన్నాను.

అదే రోజు పొద్దున్నే ఇంట్లో పెంచిన రెండు గినీపందుల్ని, మేం కుయ్‌లంటాం, కాల్చి, మిరపకాయ నూరి పట్టించి, గుడ్డలో మూటకట్టుకుని మునిసిపాలిటీకి వెళ్ళాను. మా దగ్గర ఒక పెద్దమనిషిని ఏదైనా అడగాలంటే ఉత్తచేతులతో వెళ్ళకూడదు. పొయ్యి దగ్గర మేపుకున్న కుయ్ కాల్చి తీసుకెళ్ళాలి. ఆయన తిన్నాడా, సరేనన్నట్టే. ముట్టలేదా, కాదన్నట్టే. మధ్యాహ్నానికల్లా తిరిగి రావచ్చనుకున్నాను. గుమాస్తా పిల్ల, "కూర్చోమ్మా, ఇదిగో వచ్చేస్తన్నారు," అంది. కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. గోడ మీద గడియారం ఉంది.

సల్దివార్ అయిదింటికి బయటికొచ్చి, నిలబడే ఒక కాలు విరిచి తిని, "అబ్బ, ఏం రుచి కొమాద్రె! వచ్చే వారం యంత్రాలొచ్చేస్తాయి," అన్నాడు. మూట మొత్తం కారులో పెట్టించాడు. నేను కొండ దిగుతూ పాట కూడా పాడుకున్నాను.

ఊళ్ళోకి వచ్చేసరికి లెయొకాడియాని తలుపుచెక్క మీద మోసుకొస్తున్నారు. చూసి చూసి నదిలో దిగిందట, ఒడ్డున పడి ఉంటే చీకటి పడ్డాకే ఎవరో చూశారట. అడుగున రాళ్ళు దొర్లి ఎడమ కాలు రెండుచోట్ల విరిగింది. ఎముకలు కట్టేవాడు కట్టాడు గానీ అది వంకరగానే అతుక్కుంది. చిచా తాగి దిగిందని కొందరన్నారు. ఆమె మాత్రం అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది, "తొందరపడ్డాను."

నేను వస్తానన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాతో మాట్లాడటం మానేసింది. తిట్టి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని ఊరంతా ఈడ్చినా బాగుండేది. మా ఇళ్ళు ఎదురెదురు. రోజూ పొద్దున ఆమె పొయ్యి పొగ ఎప్పుడు లేస్తుందో చూసి నా పొయ్యి వెలిగించుకుంటాను. ఎనిమిదేళ్ళుగా మా మధ్య ఉన్నది ఆ రెండు పొగలే.

ఆ తర్వాత ఊళ్ళో బిడ్డలు పుట్టారు గానీ నన్నెవరూ జ్ఞానతల్లిగా అడగలేదు. పదకొండుమందీ పెద్దవాళ్ళయ్యారు, సగం మంది నగరానికి పోయారు. గొర్రెతోళ్ళు పరిచే ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఒంటరితనమంటే ఇంట్లో ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని. కాదు, వీధిలో ఎవరూ ఆపి పలకరించకపోవడం.

మరి తర్వాతి ఏళ్ళయినా దుంగలు వేసుకోవచ్చుగా అంటారేమో. అక్కడే ఉంది తమాషా. మునిసిపాలిటీవాళ్ళు చెప్పారు: మీ వంతెన ఫైలు నడుస్తోంది. తనిఖీకి వచ్చినాయన దుంగలు చూశాడంటే 'ఇక్కడ వంతెన ఉంది' అని రాసేస్తాడు, ఫైలు కొట్టేస్తారు. కాబట్టి ఏమీ వేయకండి. లేని వంతెన కోసం ఉన్న వంతెన మానుకున్నాం మేము. మొదటి నాలుగేళ్ళు సల్దివార్ మేయరు, తర్వాత నాలుగేళ్ళు ఆయన బావమరిది, ఇప్పుడు మళ్ళీ సల్దివార్ పోటీ. నేను ఏటా కుయ్‌లు కాల్చుకుని వెళ్తూనే ఉన్నాను. ఇద్దరూ బాగానే తింటారు. బావమరిదికి చర్మం కరకరలాడాలి.

ఈ సెప్టెంబరులో పార్టీ మనిషి విల్‌ఫ్రేడో మా ఇంటికొచ్చాడు. చెవి మీద పెన్సిలు, మెడలో పసుపుపచ్చ రుమాలు.

"దోన్యా బసీలియా, ఆదివారం మొదటి రాయి వేస్తన్నాం. మీరే జ్ఞానతల్లి."

"మొదటి రాయి ఉంది కదయ్యా."

"అది పాత ప్లానుది. ఇది కొత్త ప్లాను."

"ఊళ్ళో ఆడవాళ్ళే కరువయ్యారా?"

అతను తల గోక్కున్నాడు. "ఆరుగుర్ని అడిగా. ఒకామెకి తలనొప్పి, ఒకామె గొర్రెలు ఈనుతున్నయ్యంట. అయినా పాత ఫోటోలో మీరేగా ఉంది. ఇంజనీరుగారు కూడా మా కొమాద్రే కావాలన్నారు."

కాదనబోయి ఆగాను. మైకు ఇస్తారా అని అడిగాను. జ్ఞానతల్లి నాలుగు మాటలు చెప్పడం రివాజే అన్నాడు. అయితే సరే అన్నాను. ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్న తిట్లన్నీ ఒక వరసలో పెట్టుకోవడం మొదలుపెట్టాను.

శనివారం సందులో డెల్ఫీనా ఎదురైంది. ఆరో నెల కడుపు. తల్లి కంటపడుతుందేమోనని అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది.

"బాగున్నావా అమ్మా బసీలియా? నాకు డిసెంబరు ఆఖరన్నారు నర్సమ్మ."

"నది నిండే రోజులు," అన్నాను.

"అప్పటికి వంతెనొచ్చేస్తదంటగా? ఈసారి నిజంగానే అంటన్నారు. మా ఆయన రుఫీనో ఇంజనీరుగారి ప్రచారం లారీతోనే తిరుగుతన్నాడు. ఇంజనీరుగారే స్వయంగా చెప్పాడంట."

ఆ పిల్ల మొహం చూశాను. ఎనిమిదేళ్ళ కిందట సభలో కొత్త టోపీ పెట్టుకుని నిలబడ్డ నా మొహం అలాగే ఉండి ఉంటుంది. పుట్టబోయే బిడ్డకి టీచరమ్మని జ్ఞానతల్లిగా అడిగారని అప్పటికే విన్నాను. నాకు బాధ కలిగింది, ఎందుకు దాచాలి. అయినా డెల్ఫీనా ఆ తొట్టిలో కూర్చుని నది మీద ఊగడం కళ్ళముందు కనిపించాక, ఆ బాధ చిన్నదైపోయింది.

ఆదివారం సల్దివార్ లావెక్కి వచ్చాడు. కొత్త రాయిని పాతదానికి ఇరవై అడుగుల ఎగువన పెట్టారు, ఫోటోలో ఎండ కళ్ళలో పడకుండా. పాత మొదటి రాయి మీద ఆయన పేరున్న రేకు ఇంకా ఉంది, సగం అరిగిపోయింది. ఆ రాయి మీద ఆడవాళ్ళు బట్టలుతుక్కుంటారు. చదునుగా ఉంటుంది, అంతవరకు ఆయన మేలు చేశాడనే చెప్పాలి. నా పథకం ఏంటంటే, మైకు చేతికి రాగానే ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆ రాయి దగ్గరికి లాక్కెళ్ళి, "కొంపాద్రె, ఇదిగో మన పెద్దబిడ్డ, ఎనిమిదేళ్ళుగా ఊరి మురికి మోస్తోంది," అనాలి. ఆ తర్వాత తిట్లు.

ఒక చేతికి కూజా ఇచ్చారు, ఒక చేతికి మైకు. బ్యాండు ఆగింది.

"మాటిచ్చి రాని మనిషి..." అని మొదలుపెట్టాను.

అప్పుడు కనిపించింది లెయొకాడియా. జనం వెనక చిన్న పీట మీద కూర్చుని ఉంది, ఎడమ కాలు ముందుకి చాపి. నావైపే చూస్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా వేలు ఇంకా సల్దివార్ వైపు లేవకముందే నా మనసు నా భుజమే తడుముకుంది. వారం రోజులు కూర్చుని ఆయన కొలతకి కుట్టిన చొక్కా, తీరా చూస్తే నా ఒంటికి సరిగ్గా సరిపోయింది.

విల్‌ఫ్రేడో దగ్గాడు.

"ఎనిమిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో, ఒక గురువారం, నాలుగింటికి మోకు లాగడానికి వస్తానని నా కొమాద్రె లెయొకాడియాకి మాటిచ్చాను," అన్నాను. "రాలేదు. ఆమె తాగి పడలా. తొందరపడీ పడలా. నేను రాక పడింది. ఆ ఏడు దుంగలు వద్దన్నదీ నేనే, పూచీ అన్నదీ నేనే. ఇంజనీరుగారి సంగతి ఇంజనీరుగారు చూసుకుంటారు, నాది నేను చెప్తన్నా. ఈ కూజా నేను పగలగొట్టను. రేపు పొద్దున గునపం తీసుకుని నదికి పోతన్నా. పాత దిమ్మలు మళ్ళీ పేర్చి దుంగలేద్దాం. వచ్చేవాళ్ళు రండి."

లెయొకాడియా పీట చంకన పెట్టుకుని, నేను ముగించకముందే కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

సల్దివార్ చెయ్యి తిరిగిన మనిషి. మైకు తీసుకుని, "చూశారా, ఇదీ మన పల్లె నిజాయితీ! ఇలాంటి ప్రజలకి వంతెన కట్టకపోతే ఎవరికి కడతాను?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. బ్యాండు మొదలైంది. ఎవరో బీరు సీసా తెచ్చారు, గుమాస్తా పిల్ల దాన్ని పగలగొట్టింది. నేను రిబ్బన్ల కూజా కావలించుకుని ఇంటికొచ్చాను. దారిలో ఒక్కరూ పలకరించలేదు. 'రాయికి తల్లి' అని కూడా అనలేదు.

సాయంత్రం దోన్ అన్సెల్మో వచ్చాడు, గుమ్మం బయటే నిలబడి.

"నీకేమన్నా మతి పోయిందా బసీలియా? ఊరుమ్మడి పని పిలవాల్సింది నేను. నవంబరులో యంత్రాలు దిగుతాయంటన్నారు. ఇప్పుడు దుంగలేస్తే వంతెన ఉందని రాసేస్తారు, ఫైలు పోద్ది."

"ఫైలు మీద నడిచి ఎవరైనా నది దాటారా దోన్ అన్సెల్మో?"

"ఎన్నికలైందాకా ఆగు. తర్వాత సభ పెడతా."

"ఏ సంగతీ సభలోనే చెప్పాలంటే, నాది ఇవాళ చెప్పేశాగా."

ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం నదికి వెళ్ళాను. నాకు అరవై ఒకటి. కూజాలోంచి కొంచెం చిచా భూమితల్లికి పోసి, కొంచెం నేను తాగి, మూత పెట్టి నీడన ఉంచాను. పాత దిమ్మ రాళ్ళు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటి గునపంతో లేపి, దొర్లించి, ఒడ్డుకి చేర్చాలి. ఇద్దరు పట్టాల్సిన రాయిని ఒక్కరు కదిపితే అది కదలదు, నవ్వుతుంది. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి కాబట్టి జనం నడిచి దాటుతున్నారు. నన్ను చూస్తూ దాటారు. "పని బాగా సాగుతోందా?" అని ఒకడు అడిగాడు, నేను ఏడు రాళ్ళు చూపించాను. మధ్యాహ్నం ఉడకబెట్టిన బంగాళాదుంప ఒలుచుకుంటూ కూర్చుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను. చూసేవాళ్ళు లేనప్పుడు ఏడుపు కూడా తొందరగానే అయిపోతుంది.

మంగళవారం దిమ్మ మూలకి చదునైన రాయి ఒకటి కావాల్సొచ్చింది. అటూ ఇటూ చూస్తే, ఆదివారం సిమెంటులో బిగించిన కొత్తది కాక, ఒడ్డు మొత్తం మీద మూలలు చెక్కిన రాయి ఒక్కటే ఉంది. దాని కింద గునపం పెట్టాను. అప్పుడే నియెవెస్, ఆమె ఆడపడుచు బట్టల మూటలతో వచ్చారు.

"ఏయ్, మా రాయి ఎక్కడికి తీసుకుపోతన్నావ్?" అంది నియెవెస్.

"మీ రాయా? నా బిడ్డే ఇది. ఊరంతా అంటన్నారుగా."

"బిడ్డని ఎనిమిదేళ్ళు గాలికొదిలేసి ఇప్పుడొచ్చావా తల్లివని? మేమెక్కడ ఉతుక్కోవాలి?"

"ఇంకోటి వెతికిస్తా."

"నువ్విచ్చే మాట మాకెందుకు," అంది ఆడపడుచు. అని నాలుక కరుచుకుంది.

"నిజమే," అన్నాను. "అయితే ముందు మీ రాయి వెతికి పెడతా, తర్వాతే ఇది తీస్తా."

గంటసేపు వెతికి, దిగువన ఒక పలక రాయి చూపించాను. నియెవెస్ దాన్ని కాలితో తన్ని, తడిపి, చెయ్యి రాసి చూసింది. అంతా అయ్యాక ఇద్దరూ కొంగులు బిగించి ఇటొచ్చారు. జాలితో కాదు, నేను ఒక్కదాన్నే లాగుతుంటే చూడలేక చిరాకుతో. ముగ్గురం కలిసి మొదటి రాయిని దొర్లించుకొచ్చి మూలన కూర్చోబెట్టాం. రేకు లోపలివైపుకి పెట్టాం. దాని మీద నియెవెస్ ఇంకో రాయి ఎత్తి పెట్టింది. ఎనిమిదేళ్ళకి రెండో రాయి పడింది. బ్యాండు లేదు. ఇద్దరికీ చెరో దొప్పెడు చిచా పోశాను.

బుధవారం దోన్ అన్సెల్మో వచ్చి చేతులు వెనక కట్టుకుని చాలాసేపు చూశాడు. "మూల తప్పింది," అన్నాడు. నేను ఇంకో రాయి పెట్టాను. "ఇలా పేరిస్తే మొదటి వానకే పోద్ది," అన్నాడు. ఇంకాసేపటికి ఒంటి మీద కప్పుకున్న ఉన్ని పోంచో తీసి పొద మీద వేశాడు.

"నేను ఊరి పెద్దగా రాలా," అన్నాడు రాయి ఎత్తుతూ. "ఎవరన్నా అడిగితే ఆ సంగతి చెప్పు."

"ఎవరూ అడగరు లెండి."

సాయంత్రానికి ఆయన మేనల్లుడు ఒక జామాయిల్ దుంగని గాడిదతో ఈడ్చుకొచ్చాడు. ఒకటే. నాలుగు కావాలి, అవతలి దిమ్మ అసలు మొదలే కాలేదు, వానలకి రెండు నెలలు. అయినా ఆ ఒక్క దుంగ దగ్గర పొద్దుగూకేదాకా కూర్చున్నాను.

మర్నాడు గురువారం. ఊరంతా సంతకి పోయింది, దోన్ అన్సెల్మో కూడా. ఒక్కదాన్నే రాళ్ళు పేరుస్తున్నాను. అవతల మలుపులో నాలుగింటి బస్సు హారన్ కొట్టింది. జనం చెప్పులు చేతపట్టుకుని నది దాటి, నా పక్కనుంచి ఊళ్ళోకి వెళ్ళిపోయారు. అందరూ పోయాక తల ఎత్తితే, వెనకబడిన లెయొకాడియా అప్పుడే అవతలి ఒడ్డుకి చేరి ఉంది.

ఆమె కాలికి నీళ్ళలో నిలదొక్కుకునే శక్తి లేదు. నది మోకాలి లోతున్నా ఆమెకి తొట్టే గతి. ఎప్పుడూ అల్లుడు రుఫీనో వచ్చి మోకు లాగేవాడు. రుఫీనో ఇప్పుడు సల్దివార్ లారీ మీద జెండా పట్టుకుని ఏ ఊళ్ళోనో ఉన్నాడు. ఆమె ఎగువకి చూసింది, దిగువకి చూసింది. నేను తప్ప ఎవరూ లేరు. ఇదివరకైతే ఇంకెవరైనా వచ్చేదాకా అలాగే నిలబడేది, నేను చూశాను. చాలాసేపు నిలబడింది ఇప్పుడు కూడా. తర్వాత సంచి తొట్టిలో పెట్టి, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని కూర్చుంది. పిలవలేదు, చెయ్యి ఊపలేదు.

గునపం పడేసి మోకు పట్టుకున్నాను. నాలుగు రోజుల రాళ్ళకి అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. కప్పీ తుప్పు పట్టి కీచుమంది. నది మధ్యలో తొట్టి ఆగింది, ఆమె నీళ్ళవైపు చూడకుండా నా చేతులవైపు చూసింది. వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దిగేసి లాగాను. తొట్టి వచ్చి ఒడ్డుకి తగిలింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. నా భుజం పట్టుకుని దిగింది.

దిమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది.

"మూడో వరస వంకరగా ఉంది."

"దోన్ అన్సెల్మో పెట్టింది."

"అనుకున్నా." ఆ రాయిని చేత్తో నెట్టి చూసింది. "ఆ రోజు అయిదున్నరదాకా చూశాను, బసీలియా."

కొమాద్రె అనలేదు, పేరు పెట్టి పిలిచింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె నోట నా పేరు విన్నాను.

"ఎందుకు రాలేదు?"

"మునిసిపాలిటీలో కూర్చున్నాను. గోడ మీద గడియారం ఉంది. ఒంటిగంటకి చూశాను. అప్పుడు లేస్తే నాలుగింటికి నదికి చేరేదాన్ని. ఇప్పుడు లేస్తే కుయ్‌లు వృథా అవుతాయి, నా కొంపాద్రె నన్ను చూడకుండా పోతాడు అనుకున్నా. నువ్వు కాసేపు ఆగుతావులే అనుకున్నా. లేవలేదు."

"ఈ మాట మైకులో చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు."

ఆమె తల ఊపింది. నీడనున్న కూజా మూత తీసి, నేల మీద నాలుగు చుక్కలు పోసి, ఒక గుక్క తాగి మళ్ళీ మూత పెట్టింది.

"డెల్ఫీనా బిడ్డకి టీచరమ్మని అడిగాం," అంది.

"విన్నాను."

"మాటిచ్చేశాం. వెనక్కి తీసుకోలేం."

"తీసుకోవద్దు."

సంచి భుజాన వేసుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది, వెనక్కి తిరగలేదు. "రేపు డెల్ఫీనాని ఆసుపత్రిలో చూపించాలి. ఇద్దరం వెళ్తాం. పోయేటప్పుడు ఆ పిల్ల మొగుడి తమ్ముడు లాగుతాడు. వచ్చేటప్పటికి ఎవరుంటారో తెలీదు. నాలుగవుద్ది."

ఉంటాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా మాటకి ఈ ఒడ్డున విలువ ఏముందో నాకన్నా బాగా తెలిసిన మనిషి ఆమె. ఆమె కూడా నా జవాబు కోసం ఆగలేదు, కుంటుకుంటూ గట్టెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఒంటిగంటకే వెళ్ళి మోకు పక్కన కూర్చున్నాను.